వంటింటి మధ్య గట్టు ఖాళీగా ఉండాలి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల ఈమధ్య కడుతున్న ఇళ్లలో వంటింటి మధ్య ఒక గట్టు తప్పనిసరి అయింది. ప్లానులో దానికి ‘ఐలాండ్’ అని రాస్తారు. గృహప్రవేశానికి వెళితే ముందు దాన్నే చూపిస్తారు. దాని మీద నాకు కోపం లేదు. పాలకొల్లు దగ్గర మేము కట్టుకుంటున్న ఇంట్లో నేనూ కట్టిస్తున్నాను. నా అభ్యంతరమల్లా అందరూ దాని మీద పొయ్యో సింకో పెట్టేయడం గురించి, రాయిని ముందు మోజుపడి కొని దాని చోటు తరువాత వెతకడం గురించి. మధ్య గట్టు ఖాళీగా ఉండాలి. పునాదులు తీసే నాటికే దాని చోటు ఖాయం కావాలి. దాని మీద ఏ పని జరుగుతుందో తేల్చుకున్నాకే రాళ్ల దుకాణం గడప తొక్కాలి.

మన వంటిళ్లలో పని చాలాకాలం నేల మీదే జరిగింది. పొయ్యి ఒక మూల, రుబ్బురోలు ఒక పక్క, నడుమ అంతా నేల. కత్తిపీట ముందు ఒకరు, కొబ్బరికోరు ముందు ఒకరు, చేటలో బియ్యం ఏరుతూ ఇంకొకరు. సంక్రాంతికి అరిసెల పిండి జల్లించినా, ఎండాకాలంలో ఆవకాయ ముక్కలు తుడిచినా ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ చుట్టూ చేరేవారు. గ్యాసు పొయ్యి వచ్చాక గోడవారన గట్టు వచ్చింది. వంగి లేచే బాధ తప్పింది, అది చిన్న మేలేమీ కాదు. కానీ వండే మనిషి గోడకు ఎదురుగా నిలబడింది, వీపు ఇంటివైపు తిరిగింది. రెండడుగుల వెడల్పున్న గట్టు ముందు ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి. మూడో మనిషి సాయం చేద్దామన్నా చోటు ఉండదు. వంట ఒక్కరి పనిగా మిగిలిపోవడానికి మన మనసులతో పాటు ఈ గోడవార గట్టుకూ పాత్ర ఉందని నా నమ్మకం.

అందుకే ఐలాండ్ అంటే పరాయి మోజు అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. మా అమ్మకు మోకాళ్లు వంగవు. కత్తిపీట ముందు కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి ఇచ్చి లేపాలి. కానీ పనసపొట్టు ఆమె కొట్టినంత సన్నగా మా ఇంట్లో ఇంకెవరూ కొట్టలేరు. ఆమె కుర్చీలో కూర్చుని, ఎదురుగా మేము నిలబడి, మధ్యలో ఒకే రాయి మీద అందరి చేతులూ ఆడాలి. నాకు కావలసిన మధ్య గట్టు అది. నేల మీద చేసుకున్న పనిని అంగుళాల లెక్కన పైకి ఎత్తడం అన్నమాట.

“ఇంత గట్టు ఊరికే వదిలేస్తారా అండీ? పొయ్యి ఇటు జరిపితే చూడ్డానికి ఎంతో బాగుంటుంది” అన్నారు మేస్త్రి గారు. బొమ్మల్లో బాగుంటుంది. మన ఊళ్లో మే నెలలో వంటింటి నడినెత్తిన ఫ్యాను తిరగకపోతే ఎవరూ నిలబడలేరు. ఫ్యాను కింద పొయ్యి పెడితే మంట నిలవదు, ఫ్యాను ఆపితే మనిషి నిలవదు. పైగా మధ్య పొయ్యికి గోడ ఆసరా ఉండదు కాబట్టి చిమ్నీని స్లాబు నుంచి వేలాడదీయాలి, దాని గొట్టాన్ని గది మీదుగా బయటి గోడ దాకా లాగాలి. కొరమీను ముక్కలు వేయిస్తే నూనె చిందులు నాలుగు వైపులా పడతాయి. పిల్లలకు నాలుగు వైపుల నుంచీ మూకుడు అందుతుంది. ఆగ్నేయం మూల తూర్పు ముఖంగా వండాలనే పట్టింపు ఉన్న ఇళ్లలో ఆ చిక్కు వేరే. పొయ్యి గోడ పక్కనే ఉండనివ్వండి.

సింకుకూ ఇదే మాట. ఆరడుగుల రాయిలో సింకుకు కోత పెడితే రెండున్నర అడుగులు అక్కడే పోతాయి, మిగిలింది రెండు తునకల చోటు. రాయి బీట వేసేది కూడా చాలాసార్లు ఆ కోత మూలల దగ్గరే. మురుగు గొట్టం నేల అడుగున వాలుగా గోడ దాకా పోవాలి. అది పూడుకుపోతే ఒక్కోసారి టైల్సు పగలగొట్టవలసి వస్తుంది. చేపలు, రొయ్యలు బాగుచేసే పని ఎలాగూ పెరట్లో కుళాయి దగ్గరే జరుగుతుంది, జరగాలి కూడా. అక్కడ కడప బండతో ఒక చిన్న గట్టు కట్టించుకుంటే వంటింటికి ఆ నీచు రాదు. మధ్య గట్టుకు కావలసిందల్లా మిక్సీకి, గ్రైండరుకు పక్కగోడలో ఒక ప్లగ్గు. ఆ వైరు గొట్టం నేల వేయకముందే పోవాలి.

చోటు లెక్క చాలామంది వేసుకోరు. గోడ గట్టు రెండడుగులు, నడవడానికి మూడున్నర అడుగులు, మధ్య గట్టు మూడడుగులు, దాని అవతల మళ్లీ మూడున్నర. అంటే గది వెడల్పు కనీసం పన్నెండు అడుగులు. అవతలి గోడకు ఫ్రిజ్జో అలమారో ఉంటే ఇంకో రెండున్నర కలపాలి. ఇద్దరు కలిసి వండే ఇల్లయితే నడక దారి నాలుగడుగులుండడం మేలు, ఒకరు పొయ్యి దగ్గర వేడి గిన్నె పట్టుకుని తిరిగితే వెనకనున్న వారికి తగలదు. ఈ కొలత లేని గదిలో రాతి గట్టు ఇరికించడం కంటే టేకు బల్ల వేసుకోవడం వెయ్యి రెట్లు నయం. బల్లను పండగనాడు జరపవచ్చు.

ఇక మట్టి సంగతి. డెల్టాలో ఇల్లు కట్టేవారికి దీనికంటే ముఖ్యమైనది లేదు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలిన గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద మనం బతుకుతున్నాం. తవ్వితే నల్ల బంకమన్ను, ఇసుక, కొద్ది లోతులోనే నీళ్లు. ఆ బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో చేల గట్ల మీద నడిచినవారెవరికైనా ఆ నెర్రెలు తెలుసు. ఇప్పుడు ఇళ్లు లేస్తున్న స్థలాల్లో చాలా వాటిని వరిచేలనో చెరువులనో పూడ్చి మెరక చేశారు. గోడల బరువు పునాదులు, వాటి మీద నేల మట్టాన వేసే కాంక్రీటు దూలాలు (ప్లింత్ బీములు) మోస్తాయి. గదుల నడుమ నేల మాత్రం పోసిన మెరక మీద ఆనుకుని ఉంటుంది, ఆ మెరక ఏళ్ల తరబడి దిగుతూ ఉంటుంది.

ఆ నేల మీద మనం పెట్టే బరువెంత? ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఇరవై మిల్లీమీటర్ల మందం ఉన్న చీమకుర్తి రాయి ఒక్కటే దాదాపు వంద కిలోలు తూగుతుంది. దాని కింద ఇటుక గోడలు, పూత, కడప బండ అరలు కలిస్తే అర టన్ను. పరిచిన టైల్సు మీద నేరుగా ఈ గట్టు కట్టేస్తే, నేల ఒక పక్క అర అంగుళం దిగినా పైన రాయికి ఒత్తిడి తప్పదు. గట్టు చుట్టూ టైల్సు సందులు విచ్చుకున్న వంటిళ్లు మా చుట్టాల్లోనే ఉన్నాయి. కాబట్టి గట్టు వచ్చే చోట ప్లింత్ బీమునుంచి బీముకు ఇంకో చిన్న బీము వేయించాలి, లేదా పునాదుల మీద ఆనేలా కాంక్రీటు పలక పోయించాలి. పునాది దశలో దానికయ్యే ఖర్చు తక్కువ. టైల్సు వేశాక అయితే సగం వంటిల్లు తవ్వాలి. పునాదుల నాడే గట్టు ఖాయం కావాలని మొదట అన్నది ఇందుకే.

గట్టు కింది భాగానికి ప్లైవుడ్ పెట్టెలు పెట్టించమని మాడ్యులర్ కిచెన్ వాళ్లు చెబుతారు. తలుపుల వరకు సరే. బరువు మోసేది ఇటుక గోడ, కడప బండ అయి ఉండాలి. మన గాలిలో తేమ ఎక్కువ, చెదలు ఎక్కువ. 1986 ఆగస్టు వరద చూసినవారికి, 2022 జూలై వరదలో లంక ఊళ్ల ఇళ్లు మునగడం చూసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. నీళ్లు తీశాక ఇటుక, బండ కడుక్కుంటే ఆరిపోతాయి. నానిన ప్లైవుడ్ ఉబ్బి పొరలు పొరలుగా విడిపోతుంది.

ఇప్పుడు రాయి. 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు అక్కడి కొండ రాయే పనికొచ్చింది. ఆ కొండ దాటి కిందికి వస్తే సముద్రం దాకా రాయి అనేది లేదు. మన రోళ్లు, సన్నికళ్లు అన్నీ బయటి నుంచి వచ్చినవే. అందుకే మన పెద్దలు రాయిని ఒక్కసారే కొనేవారు, బాగా ఎంచి కొనేవారు. ఇప్పుడు మంచి రాయి కోసం మరీ దూరం వెళ్లి వెతకవలసిన అవసరమూ లేదు. ప్రపంచమంతా కొనుక్కుంటున్న గెలాక్సీ నలుపు ప్రకాశం జిల్లా చీమకుర్తిది. స్టీల్ గ్రే కూడా ఒంగోలు ప్రాంతంలో దొరుకుతుంది. నీలం జాడ ఉన్న రాయి శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు నుంచి, గోధుమ రంగు టాన్ బ్రౌన్ తెలంగాణలోని కరీంనగర్ వైపు నుంచి వస్తాయి. ఒంగోలు నుంచి బాపట్ల, మచిలీపట్నం, నరసాపురం మీదుగా అమలాపురం దాకా 216వ జాతీయ రహదారి ఉండనే ఉంది.

గ్రానైట్ దుకాణంలో గ్రానైట్ పేరుతో అమ్మే రాళ్లన్నీ గ్రానైట్ కావు, అందులో మోసమూ లేదు. చీమకుర్తి గెలాక్సీ శాస్త్రరీత్యా గాబ్రో జాతి రాయి. భూమి లోతున శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారి గట్టిపడగా ఏర్పడింది. అందులో రాగి, బంగారు రంగుల్లో మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు. ఈ రాయి చిక్కన, నూనెను దాదాపు పీల్చదు. అసలు గ్రానైట్‌లో ఉండే ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు లెక్కించే మోస్ కొలతలో ఆరు, ఏడు దగ్గర ఉంటాయి. మామూలు కత్తి అయిదున్నర దగ్గర ఉంటుంది కాబట్టి కత్తి ఈ రాళ్లను గీయలేదు, తానే మొద్దుబారుతుంది. పాలరాయి, కడప బండ, బేతంచెర్ల రాయి మూడు దగ్గరే ఆగిపోతాయి. అవి సున్నపు జాతి రాళ్లు. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే ఆ ఆమ్లం రాయిని తినేస్తుంది, మెరుగు పోయి మచ్చ మిగులుతుంది. అది తుడిస్తే పోయే మరక కాదు, రాయే అరిగిన గుర్తు. రోజూ పులుసు కాచే గోదావరి ఇంట్లో తెల్ల పాలరాయి గట్టు పెట్టుకోవడం రాయికీ మనకూ మంచిది కాదు. కడప బండ అంటే నాకు ఇష్టం. అరలుగా దానికి మించింది లేదు, పై గట్టుకు మాత్రం వద్దు.

నలుపు మీద మోజుపడేవారు నీళ్ల గురించి ఆలోచించాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన, కఠినం. ఆ నీళ్ల చుక్క నున్నటి నల్లరాయి మీద ఆరితే తెల్లటి గుండ్రటి మరక కడుతుంది. సింకు చుట్టూ రోజుకు పదిసార్లు తుడిచే ఓపిక ఎవరికీ ఉండదు. అందువల్ల సింకు, పొయ్యి ఉన్న గోడ గట్టుకు నేను స్టీల్ గ్రే ఎంచాను. బూడిద రంగు, సన్నటి గింజ, ఉప్పు మరక అంతగా కనపడదు. నీళ్ల పని లేని మధ్య గట్టుకు గెలాక్సీ. రెండు గట్లూ ఒకే రాయి అయి తీరాలనే నియమం ఎక్కడిదో నాకు అర్థం కాదు. పని వేరైతే రాయి వేరు కావచ్చు. లెదర్ ఫినిష్ అని ఇప్పుడు తోలులా కాస్త గరుకుగా ఉండే మెరుగు వస్తోంది. మరకలు దాచడానికి బాగుంటుంది కానీ చలిమిడి, పూరీ పిండి ఆ పల్లాల్లో ఇరుక్కుంటాయి. పిండి మెదిపే గట్టుకు నున్నటి మెరుగే సరైనది.

దుకాణంలో రాయిని దీపాల కింద చూసి డబ్బు కట్టకూడదు. ఎండలోకి తెప్పించి చూడాలి. ముందు పొడిగా, తరువాత బక్కెట్టు నీళ్లు పోయించి చూడాలి. పై తడి ఆరిపోతున్నప్పుడు ఎక్కడైనా సన్నటి గీత తడిగా నిలిచిపోతే అది బీట, లోపలికి నీరు తాగింది. వేలి కణుపుతో పలుచోట్ల కొట్టి వినాలి. గట్టి రాయి ఖంగున మోగుతుంది, లోపమున్న చోట శబ్దం మొద్దుగా వస్తుంది. రాయి వెనకవైపు వల అంటించి ఉంటే ఎందుకు అంటించారో అడగాలి. వల ఉన్న ప్రతి రాయీ చెడ్డది కాదు, అయినా బీటలు దాచడానికీ అంటిస్తారు. నలుపు మరీ చిక్కగా, ధర మరీ తక్కువగా ఉంటే గోళ్ల రంగు తుడిచే ద్రవం తెల్లగుడ్డకు అద్ది రుద్దాలి. గుడ్డకు నలుపు అంటితే అది రంగు పూసిన రాయి. మందం ఇరవై అని చెప్పి పదహారు ఇవ్వడం మామూలే కాబట్టి నాలుగు మూలలా కొలవాలి. అంచుకు కింద ఇంకో పట్టీ అంటిస్తే రాయి రెట్టింపు మందంగా కనిపిస్తుంది, బలం మాత్రం పెరగదు.

అదే రాయి నుంచి తీసిన ఒక ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. దాని మీద ఒక చోట ఆవకాయ నూనె, ఒక చోట పసుపు, ఒక చోట చింతపండు గుజ్జు పెట్టి రాత్రంతా వదిలేసి పొద్దున కడిగి చూడాలి. లేత రంగు గ్రానైట్లు కొన్ని నూనె తాగి నల్లబడతాయి. వాటికి నూనె ఇంకకుండా ఆపే పూత, అంటే సీలరు పూయాలి, అది కొన్నేళ్లకోసారి మళ్లీ పూయవలసిందే. మన వంటకు ఏ రాయి తట్టుకుంటుందో దుకాణదారు మాట కంటే ఈ ముక్క నమ్మకంగా చెబుతుంది.

కట్టర్ పలకలు అనే తక్కువ వెడల్పు రాళ్లు గోడ గట్టుకు సరిపోతాయి, ధరా తక్కువ. మధ్య గట్టుకు మాత్రం పెద్ద దిమ్మెలను కోసే యంత్రమైన గ్యాంగ్‌సా మీద కోసిన పెద్ద పలక కొనాలి. మూడడుగుల వెడల్పు అతుకు లేకుండా రావాలంటే అదే నమ్మకమైన దారి. పిండి మెదిపేచోట అతుకు ఉంటే ఆ సందులో జిడ్డు చేరి నల్లబడుతుంది, ఎంత తోమినా పోదు.

కృత్రిమ క్వార్ట్జ్ పలకల గురించి చాలామంది అడుగుతారు. రంగు ఒకేలా ఉంటుంది, నూనె పీల్చదు, సీలరు అక్కరలేదు. ఇవన్నీ నిజమే. క్వార్ట్జ్ పొడిని ప్లాస్టిక్ జిగురు లాంటి రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన రాయి అది, తొంభై శాతం దాకా క్వార్ట్జే ఉంటుంది. రెసిన్‌కు వేడి పడదు. అరిసెల పాకం గిన్నె పొయ్యి మీద నుంచి దించి నేరుగా పెడితే మచ్చ పడుతుంది. సహజ రాయి ఆ వేడిని ఓర్చుకుంటుంది, అయినా కింద చుట్టకుదురు పెట్టడం ఎప్పుడూ మంచిదే. నన్ను ఈ రాయి నుంచి పూర్తిగా దూరం చేసింది వేడి మాత్రం కాదు, దుమ్ము. క్వార్ట్జ్ పలక కోసినప్పుడు లేచే సన్నటి సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బును నయం చేసే మందు లేదు. రాతి పనివారు చిన్న వయసులోనే దాని పాలవుతుండడంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ పలకల తయారీ, అమ్మకం, వాడకం నిషేధించింది. అక్కడ వద్దన్న రాయిని మన వంటింట్లో ముక్కుకు తువ్వాలు చుట్టుకున్న కుర్రాడి చేత కోయించడం నాకు ఒప్పుకోలేని పని.

గ్రానైట్ కోసినా సిలికా దుమ్ము లేస్తుంది, కాకపోతే తక్కువ. అందుకే ఏ రాయి కొన్నా ఇంట్లో పొడిగా గ్రైండరు పెట్టి కోయనివ్వకూడదు. కొలతలు ముందే ఖాయం చేసి, దుకాణం యార్డులోనే నీళ్లు పోస్తూ కోయించి, అంచులు నునుపు చేయించి తెప్పించుకోవాలి. చిన్నాచితకా సవరింపులు ఇంట్లో తప్పకపోతే ఆరుబయట, నీళ్లు పోస్తూ, పనివారికి మంచి మాస్కులు మనమే కొనిచ్చి చేయించాలి. ఒక గట్టుకయ్యే ఖర్చులో మాస్కుల ఖర్చు లెక్కలోకి రాదు.

ఎత్తు ఎవరింటికి వారే కొలుచుకోవాలి. నిలబడి మోచెయ్యి మడిచి, అక్కడి నుంచి ఐదారు అంగుళాలు కిందికి రావాలి. ముప్పైనాలుగు అంగుళాల గట్టు మా అమ్మ ఎత్తుకు ఎక్కువ, పిండి మెదిపితే భుజాలు లేస్తాయి. మా మధ్య గట్టు రాయితో కలిపి ముప్పైఒక్క అంగుళాలు. కుర్చీలో కూర్చున్నా, నిలబడినా ఆమె చేతులకు అందుతుంది. పొడుగ్గా ఉన్నవాళ్లం కొద్దిగా వంగుతాం.

అమ్మ కూర్చునే వైపు మోకాళ్లు దూరడానికి రాయి పన్నెండు అంగుళాలు ముందుకు రావాలి. ఇరవై మిల్లీమీటర్ల రాయి అంత దూరం ఆధారం లేకుండా నిలవడం ప్రమాదం, ఎవరైనా చెయ్యి ఆన్చి లేస్తే విరుగుతుంది. అందుకని గోడల్లో తుప్పు నిరోధక రంగు వేసిన ఇనుప పట్టీలు పాతించి, రాయి కింద బయటికి వచ్చేలా పెట్టించాలి. అంచులు గుండ్రంగా అరగదీయించాలి, చేతికి గుచ్చుకోకూడదు. పలకను నిలువుగా పట్టుకునే లోపలికి తేవాలి, పడుకోబెట్టి మోస్తే సొంత బరువుకే విరగవచ్చు. నడవలో మలుపు ఉంటే ఆరడుగుల రాయి తిరుగుతుందో లేదో ఆరడుగుల చెక్కతో ముందే చూసుకోవాలి. ఇనుప పట్టీల మాట మాత్రం ఇటుక పని మొదలయ్యే ముందే మేస్త్రికి చెప్పాలి, రాయి పరిచాక వాటిని దూర్చడానికి దారి ఉండదు.